లోపలికి పోయే దళం ప్లాన్ యాడ మొదలవుతుంది?

మా గుత్తిలో ఆదివారం పొద్దున్నే కోట ఎక్కే పిల్లోళ్లు ఐదారుమంది ఉన్నారు, ఆర్మీ ర్యాలీకి ప్రిపేర్ అవుతాండారు, 1600 మీటర్ల రన్నింగ్‌కి కోట మెట్లు ఎక్కి దిగితే తొడలు గట్టిపడతాయని వాళ్ల నమ్మకం. నేనూ మా చిన్నాయనా వాళ్ల వెనకాల మెల్లగా ఎక్కుతాం. చిన్నాయన ఆర్మీలో సర్వీస్ కోర్‌లో చేసి రిటైర్ అయినాడు, అంటే తుపాకి కంటే రేషన్ మూటలు, కంచరగాడిదలు ఎక్కువ చూసిన మనిషి. మొన్న పైన నీడన కూర్చున్నప్పుడు ఒక పిల్లోడు అడిగినాడు, "తాతా, శత్రువు ఏరియాలోకి ఒక రెండొందల మంది గట్టోళ్లు రాత్రికి రాత్రి దూరి, లోపల ఉండే బ్రిడ్జిలు, ఫిరంగులు అన్నీ పేల్చేసి వచ్చేస్తే సరిపోతుంది కదా, ఇంత పెద్ద యుద్ధం దేనికి?" అని. చిన్నాయన వెంటనే, "ఎంతమంది పోతారో చెప్పినావు సరే, ఒక్కొక్కడు ఎన్ని కిలోలు మోస్తాడో చెప్పు" అన్నాడు. పిల్లోడు నోరెళ్లబెట్టినాడు.

ఆ ప్రశ్న దగ్గర్నుంచే ఇదంతా రాయాలనిపించింది నాకు. ఎందుకంటే శత్రువు వెనకకు పోయే దళం గురించి మనం సినిమాల్లో చూసేదంతా లోపలికి దూరే సీను, కంచె కత్తిరించడం, కాపలావాడి నోరు మూయడం, టైమర్ పెట్టడం. నిజంగా చరిత్రలో ఇట్లాంటి దళాలు గెలిచింది యాడ, ఓడింది యాడ అని ఒక్కొక్కటే తీసి చూస్తే దూరడం దగ్గర ఓడినవి తక్కువ. దూరినాక ఏం తింటారు, అక్కడి జనం వీళ్లను ఏమనుకుంటారు, దెబ్బ తగిలినోడిని ఎవరు మోస్తారు, ఎట్ల తిరిగొస్తారు, ఈ నాలుగింట్లోనే అంతా తేలిపోయింది. అందుకే ప్లాన్ వెనక నుంచి ముందుకు రాయాలి, తిరుగుదారి ముందు గీసి, లోపలికి పోయే దారి చివర్న గీయాలి.

మేం కూర్చున్న చోటే దానికి సాక్ష్యం. 1776లో హైదర్ అలీ ఈ కోటను ముట్టడిస్తే కోటను ఏలే మరాఠా సర్దార్ మురారిరావు నెలల తరబడి నిలబడినాడు, ఈ గోడలు చూస్తే తెలుస్తుంది ఎవడూ ఎక్కి గెలవలేడని. లోపల నీళ్లు అయిపోవస్తాంటే లొంగిపోవాల్సి వచ్చింది. కోటలో ఉన్నోడికే అట్లయితే, కోటా గోడా ఏమీ లేకుండా శత్రువు నడుమ నెలలు ఉండాల్సినోడి సంగతేమిటి?

ముందు ఒక విషయం విడగొట్టుకోవాలి, లేకపోతే అన్నీ కలగాపులగం అయిపోతాయి. లోపలికి పోవడం అనేది ఒకటే పని కాదు, మూడు వేరే వేరే పనులు. ఒకటి రెయిడ్, ఒక రాత్రో రెండు మూడు రాత్రులో పోయి, ఒక పని చేసి వచ్చేయడం. రెండోది నెలల తరబడి లోపలే తిరుగుతా శత్రువు సప్లై దారులు తెంపుతా ఉండడం. మూడోది లోపల ఉన్న జనాన్ని లేపి వాళ్ల చేతనే తిరుగుబాటు చేయించాలని పోవడం. పైకి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి, చీకట్లో మనుషులు గీత దాటుతాండారు అంతే. కానీ ఒకదాని కోసం తయారైన దళాన్ని ఇంకోదానికి వాడితే నాశనమే, అది ఎట్లనో తర్వాత చెప్తా.

రెండో రకానికి పెద్ద ఉదాహరణ చిండిట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా జపాన్ చేతికి పోయినాక ఆర్డ్ వింగేట్ అనే బ్రిటిష్ బ్రిగేడియర్ 77వ ఇండియన్ బ్రిగేడ్‌ను తయారు చేసినాడు, బర్మా గుళ్ల ముందు ఉండే సింహం బొమ్మ చింతే పేరు నుంచి చిండిట్లు అనే పేరు వచ్చింది. మా పిల్లోళ్లు ఆశ్చర్యపోయింది ఏందంటే వీళ్లలో ఎక్కువమంది ఏరి కోరి తెచ్చిన కమాండోలు కాదు. ఒక బెటాలియన్ లివర్‌పూల్, మాంచెస్టర్ వైపు నుంచి వచ్చిన టౌన్ మనుషులు, పెళ్లయి పిల్లలున్నోళ్లు చాలామంది, అంతకు ముందు ఇంగ్లాండ్ తీరంలో కాపలా కాసినోళ్లు. ఇంకో బెటాలియన్ గూర్ఖాలు. వాళ్లతో పాటు బర్మా రైఫిల్స్, అంటే కరెన్, కచిన్, చిన్ తెగల సైనికులు. 1942 వానాకాలంలో వీళ్లను మధ్య భారతంలో సాగర్ వైపు అడవుల్లో పెట్టి ట్రైనింగ్ ఇచ్చినారు, వరదల్లో, దోమల్లో, జ్వరాల్లో, తట్టుకోలేనోళ్లు పక్కకు పోయినారు, మిగిలినోళ్లు 1943 ఫిబ్రవరిలో చింద్విన్ నది దాటినారు, సుమారు 3,000 మంది.

ఇప్పుడు ఆర్గనైజేషన్ సంగతి. మామూలు సైన్యంలో బెటాలియన్ ఉంటుంది, దాని కింద కంపెనీలు, కంపెనీ కింద ప్లాటూన్లు, వెనక నుంచి లారీలు తిండి తెస్తాయి, పక్కన ఫిరంగుల వాళ్లు ఉంటారు, వెనకాల ఆసుపత్రి ఉంటుంది. లోపలికి పోయినాక ఇవేవీ ఉండవు. అందుకని వింగేట్ బ్రిగేడ్‌ను బెటాలియన్ల లెక్కన కాకుండా కాలమ్‌ల లెక్కన విడగొట్టినాడు, ఒక్కో కాలమ్‌లో మూడు నాలుగు వందల మంది, వందకు పైగా కంచరగాడిదలు. ప్రతి కాలమ్ ఒక చిన్న ఊరు లాంటిది అనుకోండి, దేనికీ పక్క ఊరికి పోవాల్సిన పని లేకుండా. కొట్లాడడానికి ఒక ఇన్‌ఫాంట్రీ కంపెనీ, మోర్టార్లు మెషిన్ గన్లు ఉండే చిన్న గుంపు, బ్రిడ్జిలు పేల్చడం తెలిసినోళ్లు కొందరు, దారి వెతకడానికీ ఊర్లలో మాట్లాడడానికీ బర్మా రైఫిల్స్ వాళ్లు, ఒక డాక్టరు, అన్నిటికంటే ముఖ్యం వైర్‌లెస్‌తో పాటు ఎయిర్‌ఫోర్స్ నుంచి ఒక ఆఫీసరు.

ఆ ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరు ఎందుకు అనేదే చిన్నాయన అడిగిన ప్రశ్నకు జవాబు. లెక్క వేసుకోండి, మనిషికి రోజుకు ఒక కిలో ఎండు రేషన్ అనుకుంటే 3,000 మందికి మూడు నెలలకు 270 టన్నులు అవుతుంది, ఇక తూటాలు, మందులు, పేలుడు సామాను వేరే. ఒక్కొక్కడి వీపు మీద తుపాకి, తూటాలు, దుప్పటి, కొన్ని రోజుల రేషన్ కలిపి సుమారు 30 కిలోలు ఉండేది, అంతకు మించి మోస్తే కొండల్లో నడవలేడు. కంచరగాడిద మీద 70 కిలోల దాకా వేయొచ్చు గానీ అది మోర్టార్లకి, వైర్‌లెస్‌కి, దాని బ్యాటరీలు ఛార్జ్ చేసే ఇంజన్‌కే సరిపోతుంది. అంటే నేల మీద మోసుకొని పోయేది వారానికి కూడా కష్టం. మిగిలిందంతా విమానం నుంచి పారాచూట్‌తో పడాలి, విమానానికి కబురు పోవాలంటే వైర్‌లెస్ పని చేయాలి, వైర్‌లెస్ పని చేయాలంటే ఆ ఛార్జింగ్ ఇంజన్ మోసే కంచరగాడిద నదిలో కొట్టుకొని పోకుండా ఉండాలి. మూడు వేల మంది ప్రాణాలు ఎట్లాంటి దారం మీద వేలాడతాయో చూడండి. చిన్నాయన ఇది చెప్పేటప్పుడు గొంతు మారిపోయింది, ఆయన జంతువులతో కొండ పోస్టులకు సరుకు మోసినోడు కాబట్టి నది చూసి మొండికేసే కంచరగాడిదను నీళ్లలోకి దించడం అంటే ఏందో ఆయనకు తెలుసు. 1944లో అయితే అవి అరిస్తే శత్రువుకు వినపడుతుందని ఆపరేషన్ చేసి వాటి గొంతు పలకకుండా చేసినారు కూడా. ఆ మూగజీవాలకు ఈ యుద్ధం ఏం సంబంధం అనిపిస్తుంది నాకు.

1943లో వాళ్లు రైల్వే లైన్ దాకా పోయినారు, మార్చి మొదట్లో మాండలే నుంచి మిచీనా పోయే లైన్‌ను డెబ్బై చోట్లకు పైగా తెంపినారు, రెండు కాలమ్‌లను దక్షిణం వైపు పంపి అసలు దాడి అటే అనిపించే ప్రయత్నం కూడా చేసినారు. అక్కడితో ఆగి వెనక్కి వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. వింగేట్ ఇంకా ముందుకు ఐరావతి నది కూడా దాటించినాడు. దాటినాక తెలిసింది, అది ఐరావతి, ష్వెలీ నదుల మధ్య ఎండిపోయిన నేల, నీళ్లు లేవు, దాక్కునే అడవి పలచన, జపాన్ వాళ్లకు తిరగడానికి రోడ్లు ఉన్నాయి, విమానాలకేమో దూరం ఎక్కువైంది. మార్చి ఆఖర్లో వెనక్కి రమ్మని ఆర్డర్ వచ్చింది. కానీ వెనకాల ఇప్పుడు రెండు పెద్ద నదులు, వాటి గట్టున పడవలన్నీ లాక్కొని కాపలా కాసే శత్రువు. కాలమ్‌లను చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి ఎవరి దారిన వాళ్లు పొమ్మన్నారు, కొందరు ఇండియాకు, కొందరు చైనాకు తేలినారు. 3,000 మందిలో తిరిగొచ్చింది 2,182 మంది, వచ్చినోళ్లలో కూడా సుమారు 600 మంది మళ్లీ యుద్ధానికి పనికి రాలేదు, అంత చిక్కిపోయినారు. తెంపిన రైల్వే లైన్‌ను జపాన్ వాళ్లు కొన్ని వారాల్లో బాగు చేసుకున్నారు.

మరి ఇదంతా వేస్టా అంటే కాదు, నేను అట్ల అనను. జపాన్ వాళ్లను అడవిలో ఎదిరించలేం అనే భయం పోయింది, విమానం నుంచే సైన్యాన్ని బతికించొచ్చని తేలింది, ఆ పాఠం తర్వాత బర్మా యుద్ధం మొత్తానికి పనికొచ్చింది. అయితే అవతల జపాన్ జనరల్ ముతగుచి కూడా ఇది చూసి ఒక పాఠం నేర్చుకున్నాడు, ఈ కొండలు దాటి సైన్యం నడవగలదు కదా అని. మరుసటి ఏడాది ఆయన ఇంఫాల్ మీదికి వచ్చినాడు. శత్రువు వెనక నువ్వు నడిచిన దారి శత్రువుకు కూడా దారి చూపిస్తుంది, ఇది ప్లాన్ వేసేటప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక మూడో రకం, జనాన్ని లేపడానికి పోవడం. ఇది మనకు దగ్గరి కథ, 1965 ఆగస్టు, పాకిస్తాన్ ఆపరేషన్ జిబ్రాల్టర్. మేజర్ జనరల్ అఖ్తర్ హుస్సేన్ మలిక్ కింద కొన్ని వేల మందిని తారిక్, ఖాసిం, ఖాలిద్, సలాహుద్దీన్, ఘజ్నవీ అని చరిత్రలోని యోధుల పేర్లు పెట్టి ఫోర్స్‌లుగా విడగొట్టి కాశ్మీర్‌లోకి పంపినారు. కాగితం మీద ప్లాన్ బాగుంది, నేను ఒప్పుకుంటా. ఆగస్టు 8న శ్రీనగర్‌లో పీర్ దస్తగీర్ ఉత్సవం, వేలమంది జనం వస్తారు, ఆ జనంలో కలిసిపోవాలి, మరుసటి రోజు కాశ్మీర్ నాయకుడు షేక్ అబ్దుల్లాను 1953లో అరెస్ట్ చేసిన రోజు, ఊరేగింపు ఉంటుంది, దాంట్లో దూరి రేడియో స్టేషన్, ఎయిర్‌పోర్ట్ పట్టుకొని తిరుగుబాటు వచ్చిందని ప్రపంచానికి చాటాలి. గీత దాటడం కూడా చాలా చోట్ల సాఫీగానే అయిపోయింది.

పోయింది యాడ? ఆగస్టు 5న తంగ్‌మర్గ్ దగ్గర మొహమ్మద్ దీన్ అనే పశువులు కాసుకునే కుర్రోడికి ఇద్దరు కొత్త మనుషులు కనపడి, 400 రూపాయలు ఇస్తాం, మాకు సమాచారం చెప్పు అన్నారు. ఆ కాలంలో 400 అంటే చిన్న డబ్బు కాదు. ఆ కుర్రోడు నేరుగా పోలీసుల దగ్గరికి పోయినాడు. మా ఊరి బస్టాండులో కొత్త మనిషి దిగితే టీ బంకు దగ్గరే "యా ఊరప్పా మీది, ఎవరింటికి" అని ముగ్గురు అడుగుతారు, మాట యాసలోనే తెలిసిపోతుంది కడపోడా కర్నూలోడా అని, అట్లాంటిది కొండ మీద పల్లెలో భాష రానోడు, చెప్పులు వేరేవి వేసుకున్నోడు తిరిగితే తెలియదా? వచ్చినోళ్లలో చాలామందికి కాశ్మీరీ రాదు. జనం లేస్తారు అని ప్లాన్ వేసినోళ్లు, లేస్తారా అని జనాన్ని ముందుగా అడగలేదు, లోపల ఏర్పాటు ఏమీ చేసుకోలేదు. కొద్ది రోజుల్లోనే ఇద్దరు కెప్టెన్లు మన వాళ్లకు దొరికిపోయి మొత్తం ప్లాన్ చెప్పేస్తే, అది ఆకాశవాణిలో వినపడింది.

అయితే ఒకటి నిజాయితీగా చెప్పాలి. అదే ప్లాన్‌లో ఘజ్నవీ ఫోర్స్ రాజౌరి, బుధల్ వైపు చాలా రోజులు నిలబడింది, సీజ్‌ఫైర్ దాకా అక్కడ ఉండిపోయింది, ఎందుకంటే ఆ చోట కొంతమంది జనం వాళ్లకు సాయం చేసినారు. ట్రైనింగ్ అదే, ఆయుధాలు అవే, కొండలు అట్లాంటివే, తేడా అంతా అక్కడి మనుషులే. మిగిలిన చోట్ల లోపలికి వచ్చే దారులనే మన ఆర్మీ మూసేసింది, ఆగస్టు 28న మేజర్ రంజిత్ సింగ్ దయాల్ వానలో రాత్రంతా కొండ ఎక్కి హాజీపీర్ కనుమ పట్టుకున్నాడు. లోపల ఉన్నోళ్లకు వెనకాల తలుపు వేసినట్లయింది.

పాకిస్తాన్ వాళ్లే సెప్టెంబర్ 7 అర్ధరాత్రి దాటినాక ఇంకో ప్రయత్నం చేసినారు, పఠాన్‌కోట్, ఆదంపూర్, హల్వారా ఎయిర్‌ఫీల్డుల మీద ఒక్కోదానికి 60 మంది లెక్కన పారాచూట్ కమాండోలను దించినారు. మంచి ట్రైనింగ్ ఉన్నోళ్లు, దాంట్లో డౌట్ లేదు. కానీ దిగేటప్పుడు చెల్లాచెదురైపోయినారు, చీకట్లో ఎవరు యాడ ఉన్నారో తెలియదు, తెల్లారేసరికి పంజాబ్ చేన్లలో రైతులు కర్రలు పట్టుకొని వెతకడం మొదలుపెట్టినారు. 180 మందిలో ఎక్కువమంది దొరికిపోయినారు, తిరిగి పోయినోళ్లు ఇరవై మంది అటూ ఇటూ. దిగడానికి విమానం ఉంది, తిరిగి పోవడానికి వాళ్ల కాళ్లు తప్ప ఏమీ లేదు.

ఆరేళ్లకు దీనికి సరిగ్గా తిరగబడిన కథ ఒకటి జరిగింది, నాకు చాలా ఇష్టమైనది. 1971 మార్చిలో ఫ్రాన్స్‌లోని తూలాన్‌లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ మాంగ్రోలో పని చేసే బెంగాలీ నావికులు ఎనిమిది మంది తప్పించుకొని ఇండియాకు వచ్చినారు. మన నేవీ వాళ్లను పెట్టుకొని ప్లాసీ దగ్గర భాగీరథి నదిలో వందల మంది బెంగాలీ కుర్రోళ్లకు ఈత ట్రైనింగ్ మొదలుపెట్టింది, గంటల తరబడి ఈత, వీపుకో పొట్టకో బరువు కట్టుకొని ఈత, మొహం మాత్రం పైకి కనపడేట్లు చప్పుడు లేకుండా ఈత. ఓడ అడుగున అంటుకునే లింపెట్ మైన్‌ను గంచా, అంటే మన తుండుగుడ్డ లాంటిది, దాంతో ఛాతీకి కట్టుకొనేవాళ్లు. అదీ ఆపరేషన్ జాక్‌పాట్.

కబురు ఎట్ల పంపాలి? ఊర్లలో దాక్కున్నోళ్ల దగ్గర వైర్‌లెస్ సెట్ దొరికితే అంతా పోయినట్లే. అందుకని ఆకాశవాణి కలకత్తాలో రెండు బెంగాలీ పాటలు పెట్టుకున్నారు, మొదటిది వస్తే రెడీ అవ్వండి అని, రెండోది వస్తే ఆ రాత్రే దిగండి అని. రేడియో ఎవరింట్లో అయినా ఉంటుంది, పాట ఎవరైనా వింటారు, అర్థం మాత్రం గుంపు నాయకుడికే తెలుసు. ఆగస్టు 15 అర్ధరాత్రి దాటినాక అప్పటి తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ రేవులు చిట్టగాంగ్, చాల్నా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ నాలుగు చోట్లా ఒకే రాత్రి నీళ్లలోకి దిగినారు, చిట్టగాంగ్‌లో అల్ అబ్బాస్, హొర్ముజ్ అనే పెద్ద ఓడలు కూడా దెబ్బతిన్నాయి. పని అయినాక వాళ్లు గట్టెక్కి ఊర్లలో కలిసిపోయినారు. దాచిపెట్టింది జనం, అన్నం పెట్టింది జనం, మైన్లు కూరగాయల కింద పెట్టి సిటీ దాటించింది కూడా లోపలి మనుషులే. ఆ కుర్రోళ్లకు ఆ భాష నేర్పాల్సిన పని లేదు, వాళ్ల అమ్మ భాషే అది. జిబ్రాల్టర్‌కు దీనికి తేడా ఇంతకంటే వివరంగా చెప్పలేను నేను.

రెయిడ్ సంగతి కొంచెం చెప్పి వదిలేస్తా, అది మూడింట్లో సులువుగా అర్థమయ్యేది. అదే 1971 డిసెంబర్‌లో 10 పారా కమాండో వాళ్లు, జైపూర్ రాజవంశపు లెఫ్టినెంట్ కల్నల్ భవానీ సింగ్ నాయకత్వంలో, థార్ ఎడారిలో జీపుల మీద సుమారు 80 కిలోమీటర్లు లోపలికి పోయి పాకిస్తాన్‌లోని ఛాఛ్రో మీద దాడి చేసి వచ్చినారు. యుద్ధానికి ముందు నెలల తరబడి ఎడారిలోనే రాత్రిళ్లు బండ్లు నడపడం ప్రాక్టీస్ చేసినారు. జీపు ఉంది కాబట్టి నీళ్లు, పెట్రోలు, తిరుగుదారి అన్నీ దాని మీదే ఉన్నాయి, పని చిన్నది, టైం కొంచెం, వచ్చేయడం ప్లాన్‌లో భాగం.

ముందు చెప్తా అన్నా కదా, ఒకదాని కోసం తయారైన దళాన్ని ఇంకోదానికి వాడితే ఏమవుతుందని. 1944 మార్చి 5 రాత్రి చిండిట్లు రెండోసారి పోయినారు, ఈసారి గ్లైడర్లలో, అంటే ఇంకో విమానం లాక్కొనిపోయే ఇంజన్ లేని విమానాల్లో. బయల్దేరే ముందు అరగంటలో వచ్చిన ఫొటోలో ఒక దిగే చోట అంతా దుంగలు పరిచి ఉన్నాయి, శత్రువుకు తెలిసిపోయిందా అని గుండెలు ఆగిపోయినాయి, చివరికి ఆ చోటు వదిలి ఇంకో చోట దిగినారు. ఆ దుంగలు టేకు కొట్టేవాళ్లు ఎండబెట్టుకున్నవి అని తర్వాత తెలిసింది. వారం రోజుల్లో సుమారు 9,000 మంది, వెయ్యికి పైగా జంతువులు విమానాల్లో దిగినాయి. మొదటిసారి చేసిన తప్పులు చాలా దిద్దుకున్నారు, అడవి మధ్యలో విమానం దిగే స్థావరాలు కట్టుకున్నారు, లోపల 90 రోజులకు మించి ఎవరినీ ఉంచకూడదని లెక్క పెట్టుకున్నారు. మార్చి 24న వింగేట్ విమానం కూలి చనిపోయినాడు. ఆ తర్వాత అమెరికన్ జనరల్ స్టిల్‌వెల్ కిందికి పోయినారు, తేలికపాటి ఆయుధాలతో తిరగడానికి తయారైన దళాన్ని మామూలు ఇన్‌ఫాంట్రీ లాగా ఊర్ల మీదికి తోసినారు, 90 రోజులు దాటిపోయినాయి, వానలు పట్టుకున్నాయి. జులైలో చిండిట్లలోనే ఒకటైన 111వ బ్రిగేడ్‌లో మిగిలిన సుమారు 2,200 మందికి డాక్టర్లు పరీక్ష చేస్తే ఫిట్‌గా ఉన్నది 118 మంది.

దిగేటప్పుడు మెట్ల మీద ఇంకో పిల్లోడు అడిగినాడు, అందరికంటే తక్కువ మాట్లాడేవాడు, "మరి దెబ్బ తగిలినోళ్లను ఏం చేస్తారు తాతా?" అని. చిన్నాయన నా వైపు చూసినాడు. 1943లో నడవలేనోళ్లను ఏదో ఒక పల్లెలోనో, చెట్టు కిందనో, నీళ్ల బాటిల్ పక్కన పెట్టి వదిలేసి పోవాల్సి వచ్చింది, ష్వెలీ నది మధ్య ఇసుక తిన్నె మీద ప్రవాహం చూసి దిగలేక ఆగిపోయినోళ్లు నలభై మందికి పైగా, వాళ్లను కూడా వదిలేసి కాలమ్ ముందుకు పోయింది. ఆ బాధతోనే 1944లో చిన్న విమానాలు తెచ్చినారు, అడవిలో దెబ్బ తగిలినోడు అదే రోజు అస్సాంలో ఆసుపత్రి మంచం మీద ఉండొచ్చు అని. ఇంతవరకు నేను పిల్లోళ్లకు చెప్పినా, వాళ్ల మొహాలు కొంచెం తేలికపడినాయి, కిందికి పరిగెత్తినారు.

మిగతాది చెప్పలేదు, ఇక్కడ రాస్తాండా. 1944 మే ఆఖర్లో బ్లాక్‌పూల్ అనే స్థావరంలో విమానాలు దిగే చోటు శత్రువు చేతికి పోయింది, వాన కుండపోత, శత్రువు చుట్టూ ఉన్నాడు, నడవగలిగినోళ్లు నడవలేనోళ్లను మోసుకుంటా బురదలో కొండ ఎక్కాలి. బతికే ఆశ బొత్తిగా లేనోళ్లు 19 మంది ఉన్నారు, మోయడానికి మనుషులు చాలలేదు. శత్రువు చేతికి వదలడం కంటే మనమే కాల్చేద్దాం అని డాక్టరు అడిగితే, కమాండర్ జాన్ మాస్టర్స్ సరే అన్నాడు.